మఖలో వాన లేదు. మా వంక గడ్డిలోని ఈవెనింగ్ బ్రౌన్ సీతాకోక‌లు ఏమైనట్టు?

సీమ మాస్టారు (డోన్ దగ్గరి పల్లె), 10 సెప్టెంబర్ 2023

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఈ ఫోరంలో పోస్టులు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మా బడి వెనక నుంచి వంక (చిన్న వాగు) దాకా ఒక బాట ఉంది, అర కిలోమీటరు ఉంటుంది. ఒక పక్క మేత పోరంబోకు, ఇంకో పక్క ఈత పొదలు, మధ్యలో నాలుగైదు కానుగ చెట్లు. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దుగూకే వేళ ఆ బాటలో నడుస్తున్నాను. నడుస్తుంటే కాళ్ల దగ్గర ఎండుటాకు ఒకటి లేచి, నాలుగు గజాలు కుదుపుగా ఎగిరి, మళ్లీ ఆకుల్లో పడి మాయమవుతుంది. అది ఆకు కాదు, కామన్ ఈవెనింగ్ బ్రౌన్. దీపాలు పెట్టే వేళకు వసారా లైటు దగ్గరికొచ్చి గోడకు అతుక్కునే గోధుమరంగు సీతాకోక. మీరంతా చూసే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు.

2022 వానాకాలంలో పది అడుగులకొకటి లేచేది. ఈ ఏడు జూలైలో నాలుగు వానలు పడ్డాయి, గడ్డి లేచింది, ఇవీ లేచాయి. తర్వాత ఆగస్టంతా చుక్క పడలేదు. గరిక కొసలు ఎర్రబారాయి, దుబ్బులు కుదుళ్ల దాకా ఎండాయి. మూడు ఆదివారాలుగా ఒక్కొక్కటే కనిపిస్తోంది. ఈ రోజు చూసినదానికి కింది రెక్క అంచు చిరిగి ఉంది. అదే బాటలో జిల్లేడు చుట్టూ ప్లెయిన్ టైగర్ సీతాకోక‌లు మాత్రం ఎప్పటిలాగే తిరుగుతున్నాయి.

ఇవి చచ్చిపోయాయా, ఎక్కడైనా దాక్కున్నాయా? వచ్చే ఏడు మళ్లీ వస్తాయా? నాతో నడిచే పిల్లలు ఇదే అడుగుతున్నారు. వాళ్లకు ఏం చెప్పాలో తెలియక మిమ్మల్ని అడుగుతున్నాను.

పాత ఏవో (తెనాలి), 11 సెప్టెంబర్ 2023

మాస్టారు గారూ, వ్యవసాయ శాఖలో ఏవోగా (వ్యవసాయాధికారిగా) చేసి రిటైరయ్యాను. మీ సీతాకోకను నేను పురుగుగానే ఎరుగుదును. దాని గొంగళి వరి మీద కూడా బతుకుతుంది. పచ్చటి ఒళ్లు, తల మీద రెండు కొమ్ములు. వరి ఆకు అంచులు కొరుక్కు తింటుంది కానీ మందు కొట్టాల్సినంత నష్టం నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు.

ప్లెయిన్ టైగర్ సంగతి సులువు. దాని పిల్లలకు కావలసింది జిల్లేడు ఆకు. జిల్లేడు వేరు లోతుగా పోతుంది. రోహిణి ఎండలోనైనా ఆకు పచ్చగా, పాలు కారుతూ ఉంటుంది. వాన రాకపోయినా వాటి వంటింట్లో పొయ్యి ఆరదు. ఈవెనింగ్ బ్రౌన్‌కు కావలసింది లేత గడ్డి. గడ్డి వేరు పైపైనే ఉంటుంది. మూడు వారాలు తడి లేకపోతే ఆకు గట్టిపడి చుట్టుకుపోతుంది. గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి నెల అటూ ఇటూ పడుతుంది. జూలై ఆఖర్లో గుడ్డు పెట్టి ఉంటే ఆ పిల్ల సరిగ్గా పెరగాల్సిన రోజుల్లో దాని కింద ఆకు ఎండిపోయింది.

మన పెద్దలు ‘మఖలో పుట్టి పుబ్బలో మాడినట్టు’ అన్నారు. మఖ కార్తెలో వాన పడితే పురుగూ పుట్రా పుడుతుంది, పుబ్బ వచ్చేసరికి పోతుంది. ఈసారి మఖే మాడిపోయింది. దేశం మొత్తం మీద 1901 నుంచి లెక్కలు చూస్తే ఇంత తక్కువ వాన పడిన ఆగస్టు ఇంకొకటి లేదు. మామూలు కంటే 36 శాతం లోటు. మీ ఒక్క వంక సంగతి కాదిది.

మా వైపు కాలువ గట్ల మీద ఇంకా బాగానే ఉన్నాయి. తడి ఉన్నచోట గడ్డి ఉంది, గడ్డి ఉన్నచోట అవి ఉన్నాయి.

రెక్కల చదువు (తిరుపతి), 11 సెప్టెంబర్ 2023

మాస్టారూ, నేను ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. ముందు ఒక ప్రశ్న. చిరిగింది కింది రెక్క అంచు అన్నారు కదా, అక్కడ కంటిబొమ్మల్లాంటి వలయాలు ఉన్నాయా? పెద్దవేనా?

సీమ మాస్టారు, 11 సెప్టెంబర్ 2023

ఉన్నాయమ్మా. స్పష్టంగా, నల్లగా, చుట్టూ పసుపు గీతతో. చిరుగు సరిగ్గా ఒక వలయం మీదుగానే పోయింది. ఫోటో సరిగ్గా రాలేదు, చీకటి పడింది.

రెక్కల చదువు, 12 సెప్టెంబర్ 2023

అయితే మీ వంక దగ్గర జరుగుతున్నది నాకు కొంత అర్థమైంది. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికగా చదవండి.

ఈ జాతి ఏడాదికి రెండు వేషాలు వేస్తుంది. వానాకాలం వేషంలో రెక్కల అడుగున వలయాలు పెద్దగా ఉంటాయి. ఎండు కాలం (వానలు ఆగాక చలి నుంచి ఎండల దాకా) వేషంలో అవి చుక్కలైపోతాయి, లేదా ఉండనే ఉండవు. రెక్క కొస కొక్కెంలా వంగుతుంది. రంగు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. ఒకటి బూడిద, ఒకటి ఇటుక, ఒకటి నల్లమచ్చలది. పక్కపక్కన పెడితే ఒకే జాతి అని నమ్మరు. పచ్చటి గడ్డిలో తిరిగే రోజుల్లో వలయం పనికొస్తుంది. గొల్లభామో పిట్టో కన్ను అనుకుని దాన్ని కొడితే రెక్క అంచు చిరుగుతుంది, ప్రాణం దక్కుతుంది. మీరు చూసినదానికి అదే జరిగి ఉండొచ్చు. ఎండుటాకుల్లో అదే వలయం దాన్ని పట్టిస్తుంది. అందుకే ఎండు కాలం వేషంలో వలయం లేకపోవడమే మేలు.

ఏ వేషం వేయాలో సీతాకోక అయ్యాక తేలదు. గొంగళి దశ చివరి రోజుల్లో తేలిపోతుంది. అందులో వేడిదే పెద్ద పాత్ర. ఆఫ్రికాలో ఉండే దీని బంధువు బైసైక్లస్ మీద ఎన్నో ఏళ్లు ప్రయోగాలు చేశారు. 27 డిగ్రీల దగ్గర పెంచితే వలయాలు పెద్దగా వచ్చాయి, 19, 20 డిగ్రీల దగ్గర పెంచితే చిన్నవయ్యాయి. వేడి అంటే వాన, చలి అంటే రాబోయే ఎండు కాలం అని ఆ ఒళ్లు లెక్క వేసుకుంటుంది.

ఈ ఆగస్టులో వాన లేదు, వేడి మాత్రం ఉంది. నేను అనుకోవడం ఏమిటంటే, మీ గొంగళ్లకు అందిన కబురు ‘ఇది వానాకాలమే’ అని. అవి పెద్ద వలయాలతో బయటికొచ్చి, ఎండిన గడ్డిలో పడ్డాయి. తినడానికి లేదు, దాక్కోవడానికీ లేదు. ఇది రుజువైన మాట కాదు, మీరు చెప్పినదాన్ని బట్టి నేను కట్టిన ఊహ. నవంబర్‌లో చలి మొదలయ్యాక వలయాలు లేనివి కనిపిస్తాయేమో చూడండి. ఎండు కాలం వేషంలో ఉన్న ఆడవి వెంటనే గుడ్లు పెట్టవు. ఒంట్లో కొవ్వు దాచుకుని, నీడలో కదలకుండా, మళ్లీ వాన పడేదాకా నెలల తరబడి ఆగుతాయి. మొత్తం జాతికి ఆశ అవే.

వేకువ కెమెరా (హైదరాబాద్), 12 సెప్టెంబర్ 2023

మాస్టారు గారూ, చదువుతుంటే బాధేసింది. ఈ నెల దేశమంతా బిగ్ బటర్‌ఫ్లై మంత్ (జనం సీతాకోకలను చూసి లెక్కరాసే నెల) నడుస్తోంది. మేము వికారాబాద్ వైపు వెళ్లాం. అక్కడా గడ్డి మీద తిరిగే సీతాకోకలు, ఫోర్‌రింగ్‌లు పల్చగానే ఉన్నాయి.

నా సలహా రెండు మాటల్లో. బాట పక్కన ఒక ఎకరం చుట్టూ కంచె వేయించండి, గొర్రెలు రాకుండా. వారానికో ట్యాంకర్ నీళ్లు కొట్టించండి. చందాలు నేను పోగుచేస్తాను. కావాలంటే గొంగళ్లను ఇంట్లో పెంచి వదలొచ్చు కూడా.

మంద వెంట (నారాయణపేట), 12 సెప్టెంబర్ 2023

కెమెరా అన్నా, నీ మనసు మంచిది. కానీ కంచె అన్న మాట వినగానే నాకు గుండెలో కలుక్కుమంది. మా నాయన ఇప్పటికీ గొర్రెలు కాస్తాడు. కరువొచ్చిన ఏడు మేత పోరంబోకు ఒక్కటే దిక్కు. అదీ అయిపోతే మంద తోలుకుని కృష్ణ ఒడ్డుకు, తుంగభద్ర ఒడ్డుకు పోతారు, నెలల తరబడి ఇంటి మొహం చూడరు. అలాంటి ఏడాది ఉన్న ఎకరానికి కంచె కడితే ఆ ఊళ్లో సీతాకోక అంటేనే కోపం పుడుతుంది.

ఇంకో సంగతి. గొర్రె అంతా నున్నగా గీకేస్తుందని అనుకుంటారు. ఈత పొద లోపలికి, కంప కిందికి అది మూతి పెట్టదు, ముళ్లు గుచ్చుకుంటాయి. బయటంతా ఎండినా ఆ పొద నీడలో నాలుగు పచ్చటి పోచలు ఉంటాయి. మా నాయన పాముకు భయపడి అక్కడ చెయ్యి పెట్టొద్దనేవాడు. మాస్టారూ, మీవి ఉంటే అక్కడే ఉంటాయి. వెతకండి.

యార్క్‌షైర్ గుంటూరోడు (లీడ్స్), 13 సెప్టెంబర్ 2023

కంచె మాట వచ్చింది కాబట్టి ఇక్కడి కథ ఒకటి చెప్పాలి.

ఇంగ్లాండ్ పచ్చిక కొండల మీద లార్జ్ బ్లూ అనే నీలి సీతాకోక ఉండేది. దాని గొంగళిని ఒక జాతి ఎర్రచీమలు తమ పిల్లే అనుకుని గూట్లోకి మోసుకుపోతాయి. అది లోపల చీమల పిల్లలనే తిని పెరుగుతుంది. ఆ చీమకు నేల వెచ్చగా ఉండాలి. వెచ్చగా ఉండాలంటే గడ్డి మూడు సెంటీమీటర్ల లోపు ఉండాలి, అంటే పశువులు, కుందేళ్లు మేస్తుండాలి. సీతాకోక తగ్గిపోతోందని కొందరు మంచి మనసుతోనే కంచెలు కట్టారు. సీతాకోకలను పట్టి పోగుచేసుకునేవాళ్లు రాకుండా కట్టిన కంచె మేతను కూడా ఆపేసింది. గడ్డి పెరిగింది, నేల చల్లబడింది, ఆ చీమ పోయి ఇంకో చీమ వచ్చింది. 1950ల్లో కుందేళ్లకు జబ్బు వచ్చి అవీ పోయాయి. చివరికి మిగిలిన కొద్దిపాటి గుంపుల మీద 1975, 76 కరువు పడింది. 1979లో జాతి ఈ దేశంలో అంతరించింది. కారణం కనిపెట్టిన శాస్త్రవేత్త జెరెమీ థామస్. 1983లో స్వీడన్ నుంచి తెచ్చి, ఈసారి పశువులను మేపుతూ, మళ్లీ నిలబెట్టారు.

మీ ఈవెనింగ్ బ్రౌన్‌కు చుట్టం కూడా ఇక్కడ ఉంది, పేరు రింగ్‌లెట్. అదీ గడ్డి తినేదే, దానికీ తడి, నీడ కావాలి. 1995లో ఇక్కడ పెద్ద కరువు. ఆ తర్వాత చాలాచోట్ల రింగ్‌లెట్ పడిపోయింది. కానీ అన్నిచోట్లా ఒకేలా కాదు. చెట్ల నీడ పెద్దగా, ముక్కలు కాకుండా ఉన్నచోట తక్కువ దెబ్బ తిన్నది. ఈ సంగతి అంత గట్టిగా ఎలా చెప్పగలిగారంటే, 1976 నుంచి జనం అదే బాటలో, వారం వారం, రెండు పక్కలా రెండున్నర మీటర్ల లోపు కనిపించినవి రాసిపెడుతున్నారు. మాస్టారు గారూ, మీరు నడుస్తున్నది కూడా అలాంటి బాటే. 2022 లెక్కలు ఉన్నాయా?

సీమ మాస్టారు, 13 సెప్టెంబర్ 2023

లేవు బాబూ. అప్పుడు అన్ని ఉన్నాయి కాబట్టి లెక్కపెట్టాలని తోచలేదు. మీరు అడిగిన తర్వాత రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

వేకువ కెమెరా, 13 సెప్టెంబర్ 2023

కంచె మాట వెనక్కి తీసుకుంటున్నాను. మందవెంట తమ్ముడూ, నువ్వు చెప్పింది నేనెప్పుడూ ఆలోచించలేదు. ట్యాంకర్ సంగతి మాత్రం ఇంకా అడుగుతున్నాను.

రెక్కల చదువు, 14 సెప్టెంబర్ 2023

అన్నా, పెంచి వదిలినా ఎండిన గడ్డిలోకే కదా వదులుతాం. తినడానికి ఏమీ లేనిచోట ఇంకో వంద నోళ్లు పెట్టినట్టవుతుంది. ట్యాంకర్ నీళ్లతో ఒక మూల పచ్చబడితే ఊరి పశువులన్నీ అక్కడికే వస్తాయి, రావాలి కూడా. ఉన్న పొదలను ఉండనిస్తే చాలు.

మాస్టారూ, పగటి నడకలో ఇవి దొరకవు. బాగా మగ్గిన అరటిపండు పెట్టి చూడండి. ఇవి పూల మీద పెద్దగా వాలవు. మగ్గిన పండు, చెట్టు జిగురు, పులిసిన రసం వీటికి ఇష్టం.

సీమ మాస్టారు, 19 నవంబర్ 2023

రెండు నెలలు రాయలేదు. రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. మా దగ్గర వేరుశనగ పెట్టుబడి కూడా రాలేదు. బడికి వచ్చే పిల్లలు తగ్గారు, కొందరు అమ్మానాన్నలతో గుంటూరు వైపు పనులకు పోయారు. అలాంటప్పుడు సీతాకోకల గురించి రాయడానికి మనసొప్పలేదు.

కానీ చెప్పాల్సింది ఉంది. మిగిలిన పిల్లలతో కలిసి ఆరు కొబ్బరి చిప్పల్లో మగ్గిన అరటిపండు పెట్టి, మూడు ఎండిన పోరంబోకులో, మూడు ఈత పొదల లోపల కట్టాం. పోరంబోకులో కట్టినవాటికి చీమలే పట్టాయి. ఈత పొదల్లో, కానుగ నీడ పడేచోట, మూడు చిప్పల దగ్గరా కలిపి ఐదు ఈవెనింగ్ బ్రౌన్‌లు. ఒక్కదానికీ వలయాలు లేవు. ఒకటి పూర్తిగా కాలిన ఇటుక రంగు. ఐదో తరగతి పిల్లవాడు వేలు పెట్టి చూపిస్తే తప్ప నాకు కనిపించలేదు. కింద రాలిన కానుగాకుల మధ్య, ఒక పక్కకు ఒరిగి, నీడ కూడా పడకుండా కూర్చుంది.

అమ్మా, మీరు చెప్పినట్టే ఉంది. ఆ పిల్లవాడికి మీ పోస్టు చదివి వినిపించాను.

రెక్కల చదువు, 19 నవంబర్ 2023

మాస్టారూ! ఈ చలికాలమంతా వాటిని లేపకుండా ఉంటే మంచిది. ఎగిరిన ప్రతిసారీ దాచుకున్న కొవ్వు ఖర్చవుతుంది. నెలకు ఒక్కసారి చిప్పలు కట్టండి, చాలు.

పాత ఏవో, 8 డిసెంబర్ 2023

మా వైపు కథ తలకిందులైంది. మూడు రోజుల కిందట మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి నేలకొరిగి నీళ్లలో నానుతోంది. గట్ల మీది గడ్డి మునిగింది. అదే ఏడాదిలో అక్కడ ఎండి, ఇక్కడ మునిగి. రైతుల గురించే నా దిగులంతా. పురుగుల సంగతి తర్వాత చూసి రాస్తాను.

సీమ మాస్టారు, 18 ఫిబ్రవరి 2024

చాలా టెన్షన్‌గా ఉంది. ఈ మధ్యాహ్నం పోరంబోకుకు నిప్పు పెట్టారు. ఎవరు పెట్టారో అడగలేదు, ఏటా ఎవరో ఒకరు పెడతారు. గాలి వంక వైపు ఉంది. నేనూ, ఇద్దరు పిల్లల తండ్రులూ వేపరెమ్మలు పట్టుకుని కొట్టి కొట్టి, ఈత పొదల్లో సగం దగ్గర ఆపగలిగాం. మిగతా సగం బూడిదే. మూడు కానుగలకు ఆకు మాడింది. చిప్పలు కట్టిన చోట్లలో రెండు పోయాయి.

వాన లేక చావలేదు అవి. ఆగస్టును దాటాయి, చలిని దాటాయి. అగ్గిపుల్లతో పోతే ఎలా?

మంద వెంట, 18 ఫిబ్రవరి 2024

మాస్టారూ, చేతులు కాలలేదు కదా?

మా ఊళ్లోనూ పెడతారు. ముదిరిన గడ్డి గొర్రె తినదు. కాల్చేస్తే తొలి చినుక్కి లేత మోసు వస్తుందని. అది అబద్ధం కాదు. కానీ మా నాయన అంతా ఒకేసారి కాల్చనిచ్చేవాడు కాదు. ఈ ఏడు వంకకు ఇటు, మరుసటి ఏడు అటు. కారణం అడిగితే ‘అంతా తగలబెడితే రేపు ఎండుమేత ఎక్కడిది?’ అనేవాడు. మీ ఊరి కాపరులతో ఈ మాట మాట్లాడండి. సీతాకోక కోసం అని కాదు, ఎండుమేత కోసం అని మొదలుపెట్టండి. వాళ్లకు తెలియని మాట కాదిది.

సీమ మాస్టారు, 3 మార్చి 2024

మాట్లాడాను తమ్ముడూ. రచ్చబండ దగ్గర ఇద్దరు పెద్ద కాపరులు మీ నాయన మాటే అన్నారు. వాళ్ల చిన్నప్పుడు అలాగే చేసేవారట. ఈత పొదల వైపు ఈ రెండేళ్లు నిప్పు పెట్టబోమన్నారు. ఒక కాపరి అడిగాడు, ‘మేము ఆగుతాం సారూ, మరి మొక్కలు నాటడానికి జేసీబీ తెచ్చి పోరంబోకంతా గుంతలు తవ్వుతారంట, వాళ్లను ఎవరు ఆపాలి?’ అని. కాగితాల్లో ఈ నేలను బంజరు అని రాసుకున్నారు. చెట్టు లేకపోతే ఏమీ లేనట్టే లెక్క. దీనికి నా దగ్గర జవాబు లేదు. పంచాయతీకి ఒక అర్జీ మాత్రం రాసిచ్చాం, మేతకూ జీవాలకూ ఈ గడ్డి కావాలని.

యార్క్‌షైర్ గుంటూరోడు, 4 మార్చి 2024

ఆ అర్జీ నకలు దాచుకోండి మాస్టారు గారూ. ఎండిన ఏడాది కంటే, ఎండిన ఏడాది తర్వాత తిరిగి రావడానికి చోటు లేకపోవడమే ఇక్కడ జాతులను మింగింది.

సీమ మాస్టారు, 9 జూన్ 2024

మృగశిర చల్లగా వచ్చింది. వారంలో మూడు వానలు. కాలిన చోట కూడా గడ్డి మోసు లేచింది, మందవెంట తమ్ముడు చెప్పినట్టే.

ఈ సాయంత్రం మిగిలిన ఈత పొదల దగ్గర రెండు కనిపించాయి. రెక్కల రంగు వెలిసిపోయి, అంచులు పోగులుగా ఉన్నాయి. ఇవి ఆ చలికాలం నాటివే అయి ఉండాలి. ఒకటి కొత్త గరిక పోచ కింద పొట్ట వంచి కాసేపు ఆగి, లేచి ఇంకో పోచ దగ్గరికి పోయింది. పిల్లలు పోచ తిప్పి చూశారు. ఆవగింజంత గుడ్డు, ముత్యంలా మెరుస్తోంది. తిప్పిన పోచను జాగ్రత్తగా మళ్లీ అలాగే పెట్టేశాం.

రెక్కల చదువు, 9 జూన్ 2024

చదివి హాస్టల్ రూములో నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టాను మాస్టారూ.

పాత ఏవో, 28 జూలై 2024

మా కాలువ గట్ల మీద కూడా మళ్లీ చేరాయి, మునిగిన చోట కాస్త ఆలస్యంగా. మాస్టారు గారూ, గొంగళ్లు కనిపిస్తే ఒంటి మీద చిన్న తెల్లటి కాయల్లాంటివి ఉన్నాయేమో చూడండి. అవి చిన్న కందిరీగల గూళ్లు, గొంగళిని లోపల్నుంచి తినేసి బయటికొచ్చి కట్టుకుంటాయి. అవీ ఉంటాయి, ఉండాలి. పిల్లలు వాటిని చంపకుండా చూడండి.

సీమ మాస్టారు, 15 సెప్టెంబర్ 2024

మొదటి పోస్టు రాసి ఏడాది దాటింది. ఈసారి వానలు బాగున్నాయి. ఏవో గారూ, తెల్ల కాయలున్న గొంగళ్లు రెండు దొరికాయి, వదిలేశాం. కొమ్ముల గొంగళ్లు, ఏ మచ్చా లేనివి, ఏడు. పిల్లలు వాటికి ‘మేకపిల్ల’ అని పేరు పెట్టారు.

ఈ సాయంత్రం అర కిలోమీటరు బాటలో, రెండు పక్కలా రెండున్నర మీటర్ల లోపు లేచిన ఈవెనింగ్ బ్రౌన్‌లు పదకొండు. అన్నిటికీ పెద్ద వలయాలే. వాటిలో కాలిన పొదల వైపు ఒక్కటే, కాలని వైపు పది. 2022తో పోల్చి చెప్పలేను, అప్పటిది నోటుబుక్కులో లేదు. ఇది ఉంది. ఐదో తరగతి నుంచి ఆరుకొచ్చిన ఆ పిల్లవాడే రాస్తున్నాడు, తేదీ, టైము, గాలి ఎటు వీస్తోందో కూడా.

నవంబర్‌కు కొబ్బరి చిప్పలు సిద్ధంగా ఉన్నాయి. అరటిపండ్లు మాత్రం అప్పుడే కొంటాం.